ఇది వేరు, అది వేరు అనకండి

మా పెద్దమ్మకు ఎముకల స్కాన్ తీయాలన్నారు. స్కాన్‌కి ముందు చేతి నరంలోకి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. అందులో రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. అది ఎముకలకు పట్టేదాకా రెండు మూడు గంటలు కూర్చోబెట్టి, తర్వాత కెమెరా కింద పడుకోబెడతారు. ఆ గది తలుపు మీద పసుపు రంగులో ఉన్న మూడు రెక్కల గుర్తు చూసి మా పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "బాబూ, ఇది ఆ అణు విద్యుత్ కేంద్రాల్లో ఉండేదేనా?" అని టెక్నీషియన్‌ని అడిగింది. అతను ఎంతో ఓపిగ్గా, "కాదమ్మా, అది వేరు, ఇది వేరు. ఇది మందు లాంటిది. మీరేం భయపడకండి" అన్నాడు. ఆవిడ టెన్షన్ తగ్గింది, లోపలికి వెళ్ళింది.

ఆ అబ్బాయిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. భయంతో నిలబడిపోయిన పెద్దావిడకి ఆ క్షణాన కావలసింది ధైర్యమే. కానీ ఆ మాట అతనొక్కడిదే కాదు. అణు విద్యుత్తును గట్టిగా వ్యతిరేకించే మిత్రుల దగ్గరా విన్నాను, గట్టిగా సమర్థించే మిత్రుల దగ్గరా విన్నాను. వ్యతిరేకించేవాళ్ళు "ఆసుపత్రుల్లో వాడేదానికి మేం అడ్డు చెప్పడం లేదు, అది వేరే సంగతి" అంటారు. సమర్థించేవాళ్ళు బాంబు ప్రస్తావన వచ్చేసరికి అదే ధోరణిలో "అది వేరే సంగతి" అంటారు. అందరూ కలిసి ఒక గీత గీసేశారు. ఈ పక్కన మంచి రేడియేషన్, ఆ పక్కన చెడ్డ రేడియేషన్. అలాంటి గీత ప్రకృతిలో ఎక్కడా లేదని, మన మనశ్శాంతి కోసం మనమే గీసుకున్నామని నా అభిప్రాయం. ఆ గీతను నమ్మి ఏమరుపాటుగా ఉన్న చోట మనుషుల ప్రాణాలు పోయాయి కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నూటికి ఆరు

మా పెద్దమ్మ ఒంట్లోకి ఎక్కించింది టెక్నీషియం-99ఎం. ప్రపంచవ్యాప్తంగా రేడియోధార్మిక పదార్థంతో తీసే స్కాన్లలో ఎక్కువ భాగం దీనితోనే నడుస్తాయి. దీని అర్ధాయువు 6 గంటలు. పొద్దున ఉన్నది మధ్యాహ్నానికి సగమవుతుంది, మర్నాడు అదే వేళకి పదహారో వంతు మిగులుతుంది. రోగి ఒంట్లోంచి త్వరగా పోవాలంటే ఇంతకన్నా మంచి గుణం ఉండదు. అయితే ఇంత త్వరగా కరిగిపోయే సరుకును ఎక్కడో తయారు చేసి దూరాలకు పంపలేరు. అందుకని దాని మాతృకను, అంటే తనంతట తానే టెక్నీషియంగా మారే మాలిబ్డినం-99ని పంపుతారు. దాని అర్ధాయువు 66 గంటలు. సీసపు కవచంలో ఒక చిన్న గొట్టం ఆసుపత్రికి వస్తుంది. రోజూ పొద్దున్నే అందులోంచి సెలైన్ పోనిచ్చి, అప్పటికి పుట్టిన టెక్నీషియంని పిండుకుంటారు. వారం గడిచేసరికి ఆ గొట్టం బలహీనపడుతుంది, కొత్తది రావాలి.

ఆ మాలిబ్డినం ఎక్కడిది? చాలావరకు రియాక్టర్‌లో యురేనియం-235 కేంద్రకాలను పగలగొట్టగా వచ్చింది. కేంద్రకం పగిలినప్పుడు రెండు ముక్కలు సరిసమానంగా రావడం అరుదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఫలానా కేంద్రకం ఎలా పగులుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు గానీ, కోట్లకొద్దీ పగిలినప్పుడు లెక్క కచ్చితంగా కుదురుతుంది. చిన్న ముక్కలు ద్రవ్యరాశి సంఖ్య (కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) 95 చుట్టుపక్కల, పెద్దవి 138 చుట్టుపక్కల గుమిగూడతాయి. నూరు కేంద్రకాలు పగిలితే ఇంచుమించు ఆరు సార్లు మాలిబ్డినం-99 పుడుతుంది. అదే నూటిలో ఇంచుమించు ఆరు సార్లు సీజియం-137 పుడుతుంది. రియాక్టర్ ప్రమాదాలు జరిగిన చెర్నోబిల్, ఫుకుషిమా చుట్టుపక్కల నేలల్ని ఇన్నేళ్ళుగా పట్టుకుని వదలనిది ఆ సీజియమే. ఒకే కుండలో, ఒకే చర్యలో, ఒకే పాళ్ళలో ఈ రెండూ పుడతాయి. మాకు మాలిబ్డినం చాలు, సీజియం వద్దు అని యురేనియానికి చెప్పే వీలు లేదు. మాలిబ్డినాన్ని వేరు చేసి విమానమెక్కించాక, తక్కిన ముక్కలన్నీ ద్రవ వ్యర్థంగా అక్కడే మిగులుతాయి. మా పెద్దమ్మ స్కాన్‌కీ తన వాటా వ్యర్థం ఎక్కడో ఒక ట్యాంకులో ఉంది.

అసలు కేంద్రకం ఇలా పగలడం, అంటే విచ్ఛిత్తి, అనేది మనుషుల కంటబడిందే ఈ ముక్కల వల్ల. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో రసాయన శాస్త్రవేత్తలు ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియం మీద న్యూట్రాన్లు వేసి, వచ్చిన పదార్థంలో బేరియం ఉందని తేల్చారు. యురేనియంతో పోలిస్తే దాదాపు సగం బరువుండే మూలకం అక్కడికి ఎలా వచ్చిందో వాళ్ళకు అంతుపట్టలేదు. నాజీల నుంచి తప్పించుకుని స్వీడన్ చేరిన భౌతిక శాస్త్రవేత్త లీజె మైట్‌నర్, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ కలిసి లెక్క కట్టి, కేంద్రకం రెండుగా చీలిందని, ఒక్కో చీలికలో సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి విడుదలవుతుందని చెప్పారు. కర్బన పరమాణువు ఒకటి మండితే వచ్చేది నాలుగే నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు. అంత తేడా ఉన్న శక్తి దొరికాక అందరి దృష్టీ శక్తి మీదికే పోయింది. ముక్కల సంగతి వెనకబడింది. మన రోజువారీ బతుకులో మనకు తగిలేవి మాత్రం ఎక్కువగా ఆ ముక్కలూ, ఆ న్యూట్రాన్లతో తయారైన పదార్థాలే.

"చిన్న రియాక్టర్ వేరు కదా?"

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. వైద్యంలో వాడే ఈ రేడియోధార్మిక పదార్థాలు (ఐసోటోపులు) తయారయ్యేది పరిశోధన రియాక్టర్లలో. నెదర్లాండ్స్‌లోని పెటెన్, ఆస్ట్రేలియాలోని ఓపల్ లాంటివి. విద్యుత్ కేంద్రంలో ఉండే రియాక్టర్ ముందు అవి చాలా చిన్నవి. చిన్నదాన్ని ఒప్పుకుని పెద్దదాన్ని వద్దనడంలో తర్కవిరుద్ధం ఏముంది అని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే, విరుద్ధం లేదు. పరిమాణం చాలా ముఖ్యమైన విషయం. అణు విద్యుత్తు వద్దనడానికి ఖర్చు దగ్గర్నుంచి భూకంపాల దాకా గట్టి కారణాలు ఉండొచ్చు, నేను వాటిని కొట్టిపారేయను. నేను అభ్యంతరపెట్టేది "అది వేరే జాతి" అన్న మాటకి.

ఎందుకంటే చిన్న రియాక్టర్ అనగానే అమాయకమైనది అనుకోకూడదు. మాలిబ్డినం కోసం రియాక్టర్‌లో పెట్టే యురేనియం దిమ్మెల్లో దశాబ్దాల పాటు వాడింది బాంబుకు పనికొచ్చే స్థాయికి శుద్ధి చేసిన యురేనియం. 90 శాతానికి పైగా యురేనియం-235 ఉన్నది. కేవలం గుండె, ఎముకల స్కాన్ల కోసం బాంబు సరుకు దేశాల మధ్య ప్రయాణం చేసేది. దాన్ని 20 శాతం లోపు శుద్ధికి మార్చాలని ఎంతోకాలం పోరు పెడితే, పెద్ద ఉత్పత్తిదారులు ఇటీవలి ఏళ్ళలోనే మారారు. మంచి పనికి వాడుతున్నాం కదా అన్న తృప్తి లేకపోయి ఉంటే ఆ మార్పు ఇంకా ముందే వచ్చేదని నా నమ్మకం.

ఇంకాస్త వెనక్కి వెళ్తే గీత పూర్తిగా చెరిగిపోతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో ఎక్స్-10 అనే రియాక్టర్‌ని 1943లో కట్టింది బాంబు కోసం ప్లుటోనియం తయారు చేసే పద్ధతిని పరీక్షించడానికి. అదే రియాక్టర్ నుంచి 1946 ఆగస్టు 2న కార్బన్-14 ఉన్న చిన్న పాత్ర ఒకటి సెయింట్ లూయిస్ నగరంలోని క్యాన్సర్ ఆసుపత్రికి చేరింది. రియాక్టర్ ఐసోటోపులు వైద్యానికి వెళ్ళడం అక్కణ్ణుంచే మొదలైంది.

పెద్ద రియాక్టర్ల మాటకొస్తే, ఆ ఇంజెక్షన్ ఇచ్చిన సిరంజిని తీసుకోండి. ఒక్కసారి వాడి పారేసే వైద్య పరికరాల్లో పెద్ద భాగాన్ని కోబాల్ట్-60 వెలువరించే గామా కిరణాలతో క్రిమిరహితం చేస్తారు. వేడి చేస్తే ప్లాస్టిక్ కరుగుతుంది కాబట్టి, అట్టపెట్టెల్లో సీలు చేసినవాటిని అలాగే కిరణాల ముందు నడిపిస్తారు. కిరణాలు తగిలినంత మాత్రాన సిరంజి రేడియోధార్మికం కాదు. మరి ఆ కోబాల్ట్ ఎక్కడ తయారవుతుంది? కెనడాలో మామూలు విద్యుత్ కేంద్రాల రియాక్టర్ల లోపలే. రియాక్టర్ వేగాన్ని సర్దే కడ్డీల్లో ఉక్కు బదులు కోబాల్ట్-59 పెడతారు. కరెంటు తయారవుతూ ఉండగానే అది న్యూట్రాన్లు మింగి కోబాల్ట్-60 అవుతుంది. ఒకే రియాక్టర్ ఊరికి దీపాలనూ ఇస్తుంది, ఆసుపత్రికి శుభ్రమైన సిరంజినీ ఇస్తుంది. ఈ విషయం తెలిసినప్పుడు నాకు విద్యుత్ కేంద్రం మీద కొత్తగా ప్రేమ పుట్టలేదు. సిరంజి మీద మాత్రం కొత్త బాధ్యత పుట్టింది.

పొగ వస్తే మోగే అలారాల్లో ఒక రకంలో అమెరీషియం-241 ఉంటుంది, మైక్రోగ్రాములో మూడో వంతు కూడా ఉండదు. అదీ రియాక్టర్ బిడ్డే, ప్లుటోనియం నుంచి వస్తుంది. దాని ఆల్ఫా కణాలు కాగితాన్ని కూడా దాటలేవు, పెట్టె విప్పకుండా గోడకి ఉన్నంతకాలం బెంగ లేదు. ఉక్కు రేకు మందం కొలిచే సాధనాలు, పైపుల అతుకుల్లో పగుళ్ళు పట్టుకునే ఇరిడియం-192 కెమెరాలు, ఇలా చాలా ఉన్నాయి గానీ వాటి జాబితా ఇక్కడ అవసరం లేదు.

ఒకే అయొడిన్

మంచి చెడుల గీత నిలవదని చెప్పడానికి నాకు అన్నిటికన్నా బలంగా కనబడే ఉదాహరణ అయొడిన్-131. ఇదీ విచ్ఛిత్తి ముక్కే. అర్ధాయువు 8 రోజులు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలాక ఇది గాలిలో కొట్టుకుపోయి గడ్డి మీద పడింది. ఆవులు ఆ గడ్డి మేశాయి, పిల్లలు ఆ పాలు తాగారు. ఏ అయొడిన్ ఏదో థైరాయిడ్ గ్రంథికి తెలియదు, దొరికినదల్లా దాచుకుంటుంది. ఆ ప్రాంతాల్లో అప్పటికి పిల్లలుగా ఉన్నవాళ్ళలో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. అందులో ఎక్కువ భాగం ఆ పాలకే ముడిపెట్టారు. చాలామందికి చికిత్స పనిచేసింది. 2005 దాకా చనిపోయినవాళ్ళు 15 మంది.

అదే అయొడిన్-131ని థైరాయిడ్ క్యాన్సర్‌కి మందుగా ఇస్తారు. గ్రంథికి ఉన్న ఆ దాచుకునే గుణమే ఇక్కడ ఆయుధం. ఆపరేషన్ తర్వాత మిగిలిపోయిన కణాలు, ఒంట్లో ఎక్కడికి పాకినా, అయొడిన్‌ని పీల్చుకుని చస్తాయి. చికిత్సలో ఇచ్చే మోతాదు ఆ పిల్లల గ్రంథులకు చేరినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఎక్కువ మోతాదు నయం చేసి, తక్కువ మోతాదు జబ్బు చేయడం ఏమిటని మొదట్లో నాకూ సందేహం వచ్చింది. చికిత్సలో కణాన్ని పూర్తిగా చంపేస్తారు. ఆ పిల్లల్లో కణాలు చావలేదు, గాయపడి బతికి, ఆ గాయంతోనే విభజన చెందుతూ పోయాయి. పైగా ఎదిగే వయసు, చిన్న గ్రంథి. పదార్థం ఒకటే, కిరణాలు ఒకటే. ఎవరికి, ఎంత, ఎవరి అనుమతితో, ఏ లెక్కతో చేరిందన్నదే తేడా. నేను గీత గీయమంటే అక్కడ గీస్తాను.

గోయానియాలో

ఇప్పటిదాకా చెప్పింది వాదన కోసమే అనుకునేవాళ్ళకు గోయానియా కథ చెప్పాలి.

బ్రెజిల్‌లోని ఆ నగరంలో ఒక ప్రైవేటు క్యాన్సర్ చికిత్స కేంద్రం వేరే చోటికి మారుతూ, సీజియం-137 ఉన్న చికిత్స యంత్రాన్ని పాత భవనంలోనే వదిలేసింది. భవనం పాడుబడింది. 1987 సెప్టెంబరు 13న ఇద్దరు మనుషులు లోపలికి వెళ్ళి, తుక్కుగా అమ్ముకోవచ్చని ఆ యంత్రం తల భాగాన్ని పీకి ఇంటికి తెచ్చుకున్నారు. విప్పే ప్రయత్నంలోనే వాంతులు మొదలయ్యాయి. తిన్నది పడలేదన్నారు. కొన్ని రోజులకు దాన్ని ఒక తుక్కు వ్యాపారికి అమ్మారు. అతనికి రాత్రిపూట అందులోంచి నీలం వెలుగు కనిపించింది. విలువైనదనుకున్నాడు. ఇంట్లోకి తెచ్చుకున్నాడు, చుట్టాలకూ స్నేహితులకూ చూపించాడు, బియ్యపు గింజంత ముక్కలు పంచిపెట్టాడు. అతని సోదరుడు కొంత పొడి ఇంటికి పట్టుకెళ్తే, ఆరేళ్ళ కూతురు దానితో ఆడుకుని, ఆ చేతులతోనే తిండి తింది.

చుట్టూ అందరికీ ఒకేసారి జబ్బు చేయడం ముందుగా పసిగట్టింది ఆ వ్యాపారి భార్య. ఆ పొడి వల్లే ఇదంతా అని ఆమెకు అనుమానం వచ్చింది. సెప్టెంబరు 28న మిగిలిన భాగాన్ని సంచీలో వేయించి, బస్సెక్కి, ఆరోగ్య శాఖ కార్యాలయానికి తీసుకెళ్ళింది. మర్నాడు ఒక భౌతిక శాస్త్రవేత్త కొలిచే సాధనం అరువు తెచ్చి చూస్తే, ఇంకా దూరంగా ఉండగానే సూచిక చివరికి కొట్టుకుంది. సాధనం చెడిపోయిందనుకుని మరొకటి తెచ్చాడు. అదీ అంతే. అప్పటికి అక్కడ అగ్నిమాపక సిబ్బంది ఆ మూటను తీసుకెళ్ళి నదిలో పారేద్దామని ఆలోచిస్తున్నారు. ఆయన సమయానికి చేరి ఆపాడు.

నలుగురు చనిపోయారు. ఆ ఆరేళ్ళ పాప, అనుమానించి బస్సెక్కిన ఆ ఇల్లాలు, తుక్కు దుకాణంలో పనిచేసే ఇద్దరు కుర్రవాళ్ళు. 1,12,000 మందిని ఒక స్టేడియంలో పరీక్షిస్తే 249 మంది ఒంటి మీదో ఒంట్లోనో సీజియం దొరికింది. ఇళ్ళు కూల్చారు, మట్టి తవ్వి తీశారు. మొత్తం 3,500 ఘనపు మీటర్ల వ్యర్థం. ఇదంతా వంద గ్రాములు కూడా తూగని పొడి చేసిన పని. అది కరిగే లవణం రూపంలో ఉండడం వల్ల చేతులకూ చెమటకూ అంటుకుని ఊరంతా తిరిగింది.

ఆ పాపను సీసపు పెట్టెలో పెట్టి పూడ్చడానికి తీసుకెళ్తే జనం అడ్డం తిరిగి రాళ్ళు వేశారు. యంత్రం పాడుబడ్డ భవనంలో ఒంటరిగా పడి ఉన్నన్నాళ్ళూ ఎవరూ భయపడలేదు. భయపడనవసరం లేని చోట, ఒక పసిపిల్ల శవపేటిక దగ్గర, భయం వచ్చింది. ఈ భాగం ఎన్నిసార్లు చదివినా నాకు మనసు పాడవుతుంది.

ఒక్క విషయం గమనించండి. అది బాంబు కాదు, విద్యుత్ కేంద్రం కాదు. అది క్యాన్సర్ రోగుల ప్రాణాలు నిలిపిన యంత్రం. మన గీతకు "మంచి" వైపున ఉన్నది. ఒక విద్యుత్ రియాక్టర్‌ని తాళం వేసి, గార్డు లేకుండా వదిలేసి వెళ్ళిపోతే దేశం ఊరుకోదు. ఆసుపత్రి యంత్రాన్ని వదిలేస్తే ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే అది వేరు అనుకున్నాం.

గోయానియా ఒక్కటే అయితే దురదృష్టం అనుకోవచ్చు. మెక్సికోలోని సియుదాద్ హ్వారెస్‌లో 1983 చివర్లో ఇలాగే కోబాల్ట్-60 చికిత్స యంత్రం తుక్కులోకి వెళ్ళింది. అందులోని వేలాది గుళికలు ఉక్కు కొలిమిలో కరిగి, ఇళ్ళకు వాడే ఇనుప కడ్డీలుగా, బల్లల కాళ్ళుగా బయటికొచ్చాయి. 1984 జనవరిలో ఆ కడ్డీలు మోసుకెళ్ళే లారీ ఒకటి దారి తప్పి అమెరికాలోని లాస్ అలమోస్ అణు ప్రయోగశాల గేటు పక్కగా వెళ్తే, అక్కడి అలారం మోగి సంగతి బయటపడింది. ఆ డ్రైవరు దారి తప్పకపోతే ఎన్నాళ్ళకు తెలిసేదో. 2000లో థాయ్‌లాండ్‌లోనూ పాత చికిత్స యంత్రమే తుక్కులోకి వెళ్ళి ముగ్గుర్ని పొట్టన పెట్టుకుంది. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో ఒక మనిషి ప్రాణం తీసినది కూడా ఒక విద్యాసంస్థ పాత సామాన్లతో కలిపి వేలం వేసిన కోబాల్ట్ పరికరమే. అన్నిటిలోనూ పదార్థం వాడకంలో లేనిది, యజమాని పట్టించుకోనిది.

నిజం చెబితే పారిపోరా?

ఇక నన్ను అందరికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న మా అన్నయ్యది. "నువ్వు చెప్పేదంతా సరే. ఆ టెక్నీషియన్ ఆ గుమ్మంలో నిలబడి ఇదంతా చెబితే పెద్దమ్మ స్కానే తీయించుకునేది కాదు. జబ్బు ముదిరిపోయేది. అప్పుడు నీ నిజం ఎవరికి కావాలి?" అన్నాడు.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రేడియేషన్ భయం వల్లే జరిగే నష్టం చిన్నది కాదు. ఫుకుషిమాలో హడావుడిగా ఖాళీ చేయించినప్పుడు, ఆసుపత్రుల్లోంచి, వృద్ధాశ్రమాల్లోంచి తరలించిన పెద్దవాళ్ళు ఆ ప్రయాణాల్లో, ఆ శిబిరాల్లో చనిపోయారు. వాళ్ళను చంపింది కిరణాలు కావు. కాబట్టి భయం పెంచే ప్రతి మాటకూ ఒక ఖరీదు ఉంటుందని ఒప్పుకుంటాను.

కానీ ఆ రోజు తర్వాత ఏం జరిగిందో అన్నయ్య మరిచిపోయాడు. స్కాన్ అయ్యాక నర్సు వచ్చి, "ఇవాళ్టికి నీళ్ళు బాగా తాగండి, చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని దగ్గరగా కూర్చోబెట్టుకోకండి" అంది. చాలా సరైన సలహా. అయితే "మందు లాంటిది" అని విన్న చెవులకు అది పిడుగులా పడింది. మందైతే పిల్లల్ని ఎత్తుకోకూడదని ఎందుకంటారు? మా దగ్గర ఏదో దాస్తున్నారు! ఇంటికొచ్చాక పెద్దమ్మ తన గదిలోంచి బయటికి రాలేదు. ఆవిడ దుప్పట్లు వేరే, గ్లాసు వేరే. మనవరాలు తలుపు దగ్గర ఏడుస్తున్నా లోపలికి పిలవలేదు. రోజులు గడిచినా అంతే. రెండు రోజుల్లో ఆ టెక్నీషియం 256వ వంతుకు పడిపోతుందని, ఆవిడ ఒంట్లోంచి చాలావరకు మూత్రంలో ఎప్పుడో పోయిందని చెప్పినా నమ్మలేదు. మొదటి మాట అబద్ధమని తేలాక రెండో మాటకి విలువ ఉండదు. అబద్ధం ఇచ్చిన ధైర్యం గుమ్మం దాటేదాకా పనికొచ్చింది, ఇంటిదాకా రాలేదు.

అందుకని చెప్పగలిగిన నిజం చిన్నదే అయినా అది నిజమై ఉండాలంటాను. "అవునమ్మా, రియాక్టర్‌లోంచి వచ్చినదే. చాలా కొంచెం. ఇవాళ సాయంత్రానికి సగం పోతుంది, ఎల్లుండికి లేనట్టే" అంటే సరిపోతుంది. మనిషి ఒంట్లో ఎటూ పొటాషియం-40 ఉంటుంది, సగటు శరీరంలో సెకనుకి నాలుగు వేలకు పైగా పరమాణువులు దానివి విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. నేల నుంచి, ఆకాశం నుంచి, గాలిలోని రాడాన్ నుంచి అందరికీ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే ప్రమాణం) మోతాదు అందుతుంది. ఎముకల స్కాన్ వల్ల వచ్చేది దాదాపు 4. రెండేళ్ళలో ఎలాగూ తగిలేది ఒక్క రోజులో తగిలింది, దానికి బదులుగా జబ్బు ఎక్కడుందో తెలిసింది. ఇది భయపెట్టే మాట అని నేను అనుకోను. బేరం నచ్చనివాళ్ళు వద్దనవచ్చు, అది వాళ్ళ హక్కు.

ఎవరి చేతిలో ఉంది?

మరో అభ్యంతరం కూడా వింటుంటాను. ప్రత్యామ్నాయాలు ఉన్నాయిగా, ఇవన్నీ ఎందుకు అని. చాలా చోట్ల నిజంగానే ఉన్నాయి. కోబాల్ట్ చికిత్స యంత్రాల స్థానంలో విద్యుత్తుతోనే కిరణాలు పుట్టించే లీనాక్‌లు వచ్చాయి. స్విచ్ ఆపితే వాటిలో కిరణాలు ఉండవు, తుక్కులోకి వెళ్ళినా ఎవరినీ చంపవు. పొగను కాంతితో పట్టే అలారాలు ఉన్నాయి. టెక్నీషియంని, కణాలను వేగంగా పరుగెత్తించే యంత్రమైన సైక్లోట్రాన్‌లో నేరుగా తయారు చేయొచ్చని కెనడా వాళ్ళు చూపించారు. మార్చగలిగిన చోట మార్చాలి, అందులో నాకు రెండో ఆలోచన లేదు. అన్నిటికన్నా ముందు, గోయానియాలో పాకిన ఆ లవణం లాంటి సీజియం క్లోరైడ్ పొడి ఉన్న యంత్రాలను మార్చాలి. రక్తం సంచులకు కిరణాలు పట్టించడానికి ఇంకా చాలా దేశాల్లో వాటినే వాడుతున్నారు, ఎక్స్‌రేతో ఆ పని చేసే యంత్రాలు దొరుకుతుండగానే.

అయితే కరెంటు నిలకడగా లేని చోట, రిపేరు చేసే ఇంజినీరు నెలకోసారి కూడా రాలేని చోట లీనాక్ మూలన పడి ఉంటుంది, కోబాల్ట్ యంత్రం పనిచేస్తుంది. ఆరు గంటల్లో సగమయ్యే సరుకు సైక్లోట్రాన్ ఉన్న నగరం దాటి దూరం పోలేదు. 2009 మేలో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ భారజలం లీకై ఆగిపోయి, 2010లో కొన్ని నెలలు పెటెన్ కూడా ఆగినప్పుడు, ప్రపంచవ్యాప్తంగా స్కాన్లు వాయిదా పడ్డాయి, డాక్టర్లు అంత స్పష్టత లేని పాత పద్ధతులకు మళ్ళారు. 1957 నుంచి నడుస్తున్న ఒక ముసలి రియాక్టర్ మీద అంతమంది రోగులు ఆధారపడి ఉన్నారన్న సంగతి అప్పటిదాకా చాలామందికి తెలియదు. ఆసుపత్రి వేరు, రియాక్టర్ వేరు అనుకుంటే ఎలా తెలుస్తుంది?

కాబట్టి ఉంచుకునేవాటిని ఎలా ఉంచుకోవాలన్నది అసలు ప్రశ్న. అది చేతకాని పని కాదు. 1970లలో ప్లుటోనియం-238 బ్యాటరీ ఉన్న పేస్‌మేకర్లు కొందరికి అమర్చారు. ఆ మనిషి ఎప్పుడు చనిపోయినా దాన్ని తీసి ప్లుటోనియం వెనక్కి పంపాలన్నది అమెరికాలో నియమం. మనిషి గుండెలో ఉన్నదాన్ని కూడా చివరిదాకా లెక్కలో పెట్టుకోగలిగారు. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో 8 మిల్లీమీటర్ల పొడవున్న సీజియం గుళిక ఒకటి లారీలోంచి జారిపడితే, 1,400 కిలోమీటర్ల దారి గాలించి ఫిబ్రవరి 1న రోడ్డు పక్కన పట్టుకున్నారు. పోయిందన్న సంగతి ఎవరో ఒకరు లెక్క చూసి చెప్పారు కాబట్టే వెతికారు. అది కూడా రోజుల తరబడి ఆలస్యంగా.

2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొత్త హెచ్చరిక గుర్తు తెచ్చింది. ఎర్రటి త్రికోణంలో కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి. దాన్ని పరికరం పైన అతికించరు, మూత లోపల అతికిస్తారు, విప్పబోయే మనిషికి మాత్రమే కనిపించేలా. మూడు రెక్కల గుర్తు చదువుకోని తుక్కు కూలీకి ఏమీ చెప్పదని గోయానియా లాంటి చోట్ల తేలాకే ఈ ఆలోచన వచ్చింది. ప్రమాదం ఎవరి చేతుల్లో పడుతుందో ముందుగా ఊహించి చేసిన పని ఇది. ఇలాంటివి ఇంకా కావాలి.

నేను అడిగేది ఇంతే. ఆసుపత్రి గానీ కాలేజీ గానీ ఫ్యాక్టరీ గానీ ఒక రేడియోధార్మిక పరికరం కొన్న రోజే, పని అయిపోయాక దాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారో కాగితం మీద ఉండాలి, అందుకయ్యే డబ్బు ముందే కట్టించుకోవాలి. సంస్థ దివాలా తీసినా, భవనం కోర్టు గొడవల్లో పడినా ఆ డబ్బు కదలకూడదు. ప్రతి తుక్కు బజారు గేటు దగ్గరా, ప్రతి ఉక్కు కొలిమి దగ్గరా రేడియేషన్ కొలిచే సాధనం ఉండాలి. ఆ మెక్సికో కడ్డీలను పట్టింది అలాంటిదే కదా. ఇక అణు వ్యర్థాలు ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు, స్కాన్ తీయించుకున్నవాళ్ళం, సీలు చేసిన సిరంజితో సూది వేయించుకున్నవాళ్ళం అందరం ఆ చర్చలో కూర్చోవాలి. విద్యుత్తు కావాలన్నవాళ్ళే చూసుకుంటారులే అని లేచిపోయే హక్కు మనలో ఎవరికీ లేదు.